మాల్టాకు పోతున్న తమ్ముడికి, అక్కడి ఓర్మి ఊళ్లో ఆరేండ్లు ఉన్నవాడి జవాబు

మిర్యాలగూడ తమ్ముడు అడిగింది ఇదీ: యూరప్‌లోని చిన్న ద్వీప దేశం మాల్టాలో ఉద్యోగం వచ్చింది, వీసా కూడా అయిపోయింది, కానీ నెట్‌లో చూస్తే ఆ దేశం గురించి లంచాలు, పాస్‌పోర్టుల అమ్మకం, జర్నలిస్టును బాంబు పెట్టి చంపడం, అన్నీ ఇవే ఉన్నాయి, ఇంట్లో అమ్మ టెన్షన్ పడుతోంది, అక్కడి మనుషులు ఎలాంటివాళ్లు, పోవచ్చా వద్దా అని.

పో తమ్ముడూ. కానీ నువ్వు చదివినవేవీ అబద్ధాలు కావు, అది ముందే చెప్తున్నా. నేను 2017 ఫిబ్రవరిలో పోయి 2023లో వచ్చేశాను, అందులో ఐదేండ్ల పైచిలుకు ఒకే బేకరీలో రాత్రి డ్యూటీ. మాది నల్గొండకు దగ్గర్లో పల్లె, మాల్టా కంటే ముందు మూడేండ్లు సౌదీలో చేశాను. కింద జవాబుల్లో కొందరు "అది దొంగల దేశం, పోకు" అని రాశారు, వాళ్లలో అక్కడ ఆరు నెలలు ఉన్నవాళ్లు కూడా లేరనిపించింది నాకు. ఇంకొందరు "స్వర్గం అన్నా" అంటున్నారు, వాళ్లు బీచ్ ఫోటోలు చూసినోళ్లు.

ముందు ఆ చెడ్డపేరు సంగతి. 2017 అక్టోబర్ 16న దాఫ్నే కరువానా గలిజియా అనే జర్నలిస్టు ఇంటి నుంచి కారు తీసిన కాసేపటికే బాంబు పేలి చనిపోయింది. పెద్దోళ్లు రహస్యంగా పనామా దేశంలో పెట్టుకున్న కంపెనీల గురించి, లంచాల గురించి రాసిన మనిషి. 2019 చివర్లో ఆ కేసులో ఒక పెద్ద వ్యాపారిని పట్టుకున్నాక జనం వారాల తరబడి రోడ్డు మీదికి వచ్చారు, 2020 జనవరిలో ప్రధాని దిగిపోయాడు. 2021లో జడ్జీల విచారణ కమిటీ ఈ హత్యకు రాజ్యం బాధ్యత వహించాల్సిందేనని రాసింది. అదే ఏడాది జూన్‌లో నల్లధనం మీద నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ మాల్టాను గ్రే లిస్టులో, అంటే గట్టిగా కనిపెట్టి చూడాల్సిన దేశాల జాబితాలో పెట్టింది, ఏడాది తర్వాత తీసేసింది. పెట్టుబడి పెట్టినోళ్లకు పౌరసత్వం ఇచ్చే పథకం చెల్లదని 2025 ఏప్రిల్‌లో యూరప్ కోర్టు కొట్టేసింది. ఇవన్నీ నిజాలే, అక్కడి పిల్లాడిని అడిగినా చెప్తాడు, మనకంటే కోపంగా చెప్తాడు.

ఇదంతా మంత్రుల లెవెల్ సంగతి. కింద లెవెల్లో ఎట్లా ఉంటుందంటే, వాళ్ల భాషలో ఒక మాట ఉంది, "హ్బీబ్ తల్ హ్బీబ్" అని, అంటే దోస్తుల దోస్తులు. ఏ పని కావాలన్నా ఎవరో ఒకరికి ఎవరో ఒకరు తెలిసి ఉండాలి. 2023లో డ్రైవింగ్ టెస్టులకు పెద్దోళ్ల ఆఫీసుల నుంచి సిఫారసు మెసేజ్‌లు పోయిన సంగతి పేపర్లలో వచ్చినప్పుడు మా బేకరీలో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. దేశం మొత్తం 316 చదరపు కిలోమీటర్లు తమ్ముడూ, మన ఒక్క నల్గొండ జిల్లాలోనే ఇరవై రెండు మాల్టాలు పడతాయి. జనం ఐదు లక్షల పైన. అంత చిన్న చోట ఆఫీసరు నీ మేనత్త కొడుకో, నీతో బడికి పోయినోడో, నీ ఫెస్తా, అంటే ఊరి చర్చి పండుగ, కమిటీలో పటాకులు మోసినోడో అయి ఉంటాడు. మన దగ్గర ఎమ్మార్వో ఆఫీసుకు పోయేముందు "మనోడు ఎవరన్నా ఉన్నారా" అని ఫోన్ చేస్తాం చూడు, ఒక దేశం దేశమంతా అట్లా ఉందనుకో.

దీని మీద నాకు నీతులు చెప్పే హక్కు లేదు, ఎందుకో చెప్తాను. నేను పోయిన మొదటి ఉద్యోగం బేకరీ కాదు. ఏజెంటు చెప్పిన జీతం వేరు, చేతికొచ్చింది వేరు, ఒక రూంలో ఎనిమిది మందిమి. ఐదో నెలలో పని లేదు పొమ్మన్నారు. అక్కడ పర్మిట్ యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది, ఉద్యోగం పోతే అప్పట్లో కొన్ని రోజుల్లోనే ఇంకోటి దొరకాలి, లేకపోతే విమానం ఎక్కాల్సి వచ్చేది. తిరిగి తిరిగి ఒక పొద్దున ఈ బేకరీ ముందు నిలబడ్డాను, రొట్టె కొనడానికే, పని అడగడానికి కాదు. పిండి బస్తాలు దించే పిల్లాడు రాలేదని ముసలి యజమాని ఒక్కడే మోసుకుంటున్నాడు. నేను ఒక చెయ్యి వేశాను. ఇరవై రెండు బస్తాలు. అయిపోయాక గాజు గ్లాసులో టీ ఇచ్చాడు, పాలు చిక్కగా, అచ్చం మన నల్గొండ గడియారం సెంటర్ టీ లాగా, ఎక్కడోడివి ఏం కథ అని అడిగాడు. పనిలో పెట్టుకుంటా అన్నాడు. కానీ కాగితాలు ఆఫీసులో కదల్లేదు. రేపు రమ్మంటారు, సిస్టమ్ డౌన్ అంటారు, ఇంకో కౌంటర్ అంటారు. చివరికి ముసలాయన ఒక ఫోన్ చేశాడు. వాళ్ల తమ్ముడి వియ్యంకుడు ఎవరో. నాలుగు రోజుల్లో పర్మిట్ వచ్చింది. అంటే నువ్వు నెట్‌లో చదివి భయపడుతున్నావే, ఆ దోస్తుల దోస్తుల దారి వల్లే నేను ఆ దేశంలో మిగిలాను. నా వెనక లైన్లో నిలబడ్డ నేపాల్ పిల్లాడికి అట్లా ఫోన్ చేసేవాళ్లు లేరు, వాడు వెళ్లిపోయాడు. ఇది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఒకళ్లనొకళ్లు ఎరిగి ఉండటం అనే ఒకే గుణం నుంచి అక్కడ మంచీ పుడుతుంది, చెడూ పుడుతుంది, దాన్ని రెండుగా కోసి ఇది వాళ్ల సంస్కృతి, ఇది వాళ్ల అవినీతి అని పెట్టడం నాకైతే రాలేదు.

ఊరి పేరు చెప్పలేదు కదా, ఓర్మి. ఇంగ్లీషులో రాస్తే ముందు క్యూ ఉంటుంది, పలికేటప్పుడు దాన్ని గొంతులోనే మింగేస్తారు. మన భాషలో ఓర్మి అంటే ఏంటో మా యజమానికి చెప్తే పడి పడి నవ్వాడు, మా ఊళ్లో ఎవడికీ లేనిది అదొక్కటే అని.

ఓర్మి అంటే మాల్టాలో రొట్టెల ఊరు, వందల ఏండ్ల నుంచీ. రాత్రి పదకొండింటికి మొదలుపెట్టేవాళ్లం. నిన్నటి పిండిముద్దలో కొంచెం దాచిపెడతారు, దాన్ని ఇవాళ్టి పిండిలో కలిపితే పులుస్తుంది, మనం పెరుగుకు తోడు వేసినట్టే. పిండి బాగా మెత్తగా, చేతికి అంటుకునేలా ఉంటుంది, కొత్తల్లో నా మోచేతుల దాకా అంటుకుని ఊడేది కాదు. పొయ్యి లోపలి రాతిగచ్చు మీద నేరుగా కాలుస్తారు. బయటికి తీయగానే పైపెచ్చు చిటపటమంటుంది, మొత్తం వరుస వరుసంతా చిటపటమంటుంటే ముసలాయన చేత్తో ఆగమని సైగ చేసి వినేవాడు. ఆ శబ్దం సరిగ్గా లేకపోతే ఆ వాయి రొట్టెలు ఇంట్లోకే. ఒక్కరోజు కూడా అవి దుకాణంలో పెట్టడం నేను చూడలేదు. అదీ నేను చూసిన మాల్టా.

ఆ రొట్టెను అడ్డంగా కోసి, పండు టమాటాతో గట్టిగా రుద్ది, ఆలివ్ నూనె పోసి, ఉప్పు చల్లి తింటారు, పైన చేప ముక్కలో ఆలివ్ కాయలో పెట్టుకుంటారు. హోబ్స్ బిజ్జేయ్త్ అంటారు. నేను మొదటిసారి తిన్నప్పుడు మా అమ్మ జొన్నరొట్టె మీద కారం వేసి నూనె చుక్క పోసి చుట్టి ఇచ్చేది గుర్తొచ్చి కాసేపు మాట్లాడలేదు. వాళ్లదే ఇంకో రకం చదును రొట్టె ఉంది, ఫ్తీరా, దాని తయారీకి 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది, మా యజమాని ఆ వార్త వచ్చిన పేపర్ను పిండి చేతులతోనే పట్టుకుని గోడకు అతికించాడు. ఆదివారం అయితే ఇంకో తమాషా. చుట్టుపక్కల ఆడవాళ్లు ఆలుగడ్డలూ మాంసమూ పేర్చిన ట్రేలు తెచ్చి మా పొయ్యిలో పెట్టించుకుంటారు, పాత అలవాటు, ఇప్పుడు తగ్గింది గానీ మా దగ్గర ఇంకా పది పన్నెండు ట్రేలు వచ్చేవి. ఏ ట్రే ఎవరిదో చీటీ ఉండదు, ముసలాయనకు తెలుసు అంతే. ఒకసారి నేను రెండు ట్రేలు తారుమారు చేసి ఇచ్చాను. రెండిళ్లవాళ్లూ తినేశారు, మర్నాడు వచ్చి వాళ్లది బాగుంది అంటే వీళ్లది బాగుంది అని కొట్లాడుకున్నారు.

భాష సంగతి. నువ్వు గల్ఫ్‌లో చేసి ఉంటే సగం పని అయిపోయినట్టే. సౌదీలో ఖుబూస్ తిన్నవాణ్ని, వీళ్లు రొట్టెను హోబ్స్ అంటుంటే చెవి నిక్కింది. ఒకటి రెండు మూడు లెక్కపెట్టినా అరబ్బీ లెక్కే. అది అరబ్బీ నుంచి పుట్టిన భాష, మధ్యలో ఇటాలియన్ మస్తు కలిసింది, రాసేది ఇంగ్లీషు అక్షరాల్లో. జనమేమో గట్టి కేథలిక్కులు, కానీ దేవుణ్ని అల్లా అంటారు, ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాసాన్ని రందాన్ అంటారు. విన్న కొత్తల్లో వింతగా ఉంటుంది. జాన్‌పహాడ్ దర్గాకు బండ్లు కట్టుకుని పోయే మనోళ్లకు ఇది అంత వింత కాకూడదు లే. ఇంకో మాట, "మెలా". మన "మరి" లాంటిది, ప్రతి వాక్యంలో ఉంటుంది, సరే అన్నా మెలా, ఎందుక్కాదు అన్నా మెలా, ఏమీ తోచకపోయినా మెలా. అది ఎక్కడ వాడాలో పట్టుబడితే నిన్ను సొంత మనిషి లెక్క చూస్తారు. నానమ్మను నన్నా అంటారు. యజమాని మనవరాళ్లు ఎనభై దాటిన ముసలామె వెంటపడి నన్నా నన్నా అంటుంటే మొదటివారం నేను వాళ్ల నాయన ఎక్కడున్నాడా అని వెతికాను.

ఆ నన్నా గురించి రాయకపోతే నాకు తోచదు. ఆమె 1942లో చిన్నపిల్ల. జర్మనీ, ఇటలీ విమానాలు ఆ ద్వీపాన్ని రాత్రింబవళ్లు కొట్టిన కాలం, ఓడలు రాక తిండి లేదు. రాతి కింద తవ్విన గదుల్లో పడుకున్నారట. ఆగస్టు 15కు వాళ్లకు సాంతా మరీయా పండుగ, సరిగ్గా ఆ పండుగ రోజునే ఒహాయో అనే ఆయిల్ ట్యాంకరు ఓడ సగం మునిగి, రెండు యుద్ధనౌకల మధ్య ఈడ్చుకుంటూ రేవులోకి వచ్చింది. ప్రతి ఏడూ ఆ రోజు ఆమె ఆ కథ చెప్పేది, నాకు కూడా చెప్పేది, మాల్టీస్‌లోనే, నాకు అర్థమవుతుందా లేదా అని చూసేది కాదు. నేను మాకూ అదే రోజు జెండా పండుగ అంటే, అయితే నువ్వు కూడా కూర్చో అని ఒక తీపి ముక్క చేతిలో పెట్టేది. రొట్టె ముక్క కింద పడితే ఆమె తీసి ముద్దు పెట్టుకుని పక్కన పెడుతుంది. మా నానమ్మ మెతుకు తొక్కితే కండ్లకు అద్దుకునేది.

పండుగల గురించి ఎంత రాసినా తక్కువే. ప్రతి ఊరికీ ఒక పునీతుడు, ఆ పునీతుడికి ఒక ఫెస్తా. మా ఊరికి ఇద్దరు, సెయింట్ జార్జ్ ఒక చర్చి, సెయింట్ సెబాస్టియన్ ఇంకో చర్చి, అంటే రెండు బ్యాండు మేళాలు, రెండు పటాకుల కమిటీలు, ఇంటింటికీ రెండు చందాలు. వినాయక చవితికి మన రెండు వాడల పోరగాళ్లు పోటీ పడతారు చూడు, అదే పోటీ, కాకపోతే తాతల కాలం నుంచీ నడుస్తోంది, పెండ్లి సంబంధాల దగ్గర కూడా ఏ చర్చోళ్లు అని అడుగుతారు. పొద్దున ఎనిమిదింటికే ఆకాశంలో బాంబులు మొదలు. రాత్రంతా పని చేసి పడుకున్నవాడి గతి ఆలోచించు. సాయంత్రం పునీతుడి విగ్రహాన్ని మగాళ్లు భుజాల మీద మోస్తూ బయటికి తెస్తే, మీద నుంచి రంగు కాగితాలు వానలా పడతాయి. చెరువుగట్టు జాతరలో ఉన్నట్టే ఉంటుంది, కుంకుమ వాసన లేదు, మందుగుండు వాసన ఉంది. నేను వచ్చేసిన ఏడాది చివర్లో ఈ ఫెస్తాకు కూడా యునెస్కో గుర్తింపు ఇచ్చింది.

చాలా చర్చీలకు రెండు గడియారాలుంటాయి తమ్ముడూ, ఒకటి సరైన టైమ్, ఇంకోటి తప్పు టైమ్, కొన్నిచోట్ల రెండోది ఉత్త రంగుతో వేసిన బొమ్మ. ఎందుకయ్యా అంటే, దయ్యానికి పూజ ఏ టైముకో తెలియకుండా తికమక పెట్టడానికట. మా గడియారం సెంటర్‌కు ఒక్క గడియారమే అని చెప్తే యజమాని, మరి దయ్యం వచ్చేయదా అన్నాడు సీరియస్‌గా. ఆనా అని పాట కూడా ఒకటుంది, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి అప్పటికప్పుడు కట్టి ఒకర్నొకరు ఎత్తిపొడుస్తూ పాడతారు, పక్కన గిటార్లు. మన పెండ్లిళ్లలో వియ్యపురాళ్ల పాటలు వింటే ఎట్లుంటుందో అట్లా, కాకపోతే బార్లో.

మళ్లీ ఆ హత్య దగ్గరికి వస్తాను. మా యజమాని ఎర్రపార్టీ, అంటే అప్పుడు సర్కారు నడుపుతున్న లేబర్ పార్టీ, వాళ్ల నాయన కాలం నుంచీ. ఆయన కూతురు 2019 నవంబరు, డిసెంబర్లలో రాజధాని వలెట్టాలో ధర్నాలకు పోయేది. ఇంట్లో గొడవ మామూలుగా లేదు. నాలుగు వారాలు తండ్రీకూతుళ్లు మాట్లాడుకోలేదు, మధ్యలో నన్ను పెట్టి "దానికి చెప్పు కారు నెమ్మదిగా నడపమని" అనేవాడు, ఆమె నా పక్కనే నిలబడి ఉండేది. అక్కడ కోర్టు ఎదురుగా ఒక పాత యుద్ధ స్మారకం ఉంది, దాని మెట్ల మీద జనం ఆ జర్నలిస్టు ఫోటో, పూలు, కొవ్వొత్తులు పెట్టేవాళ్లు. సర్కారు మనుషులు వచ్చి ఊడ్చేసేవాళ్లు. మళ్లీ పెట్టేవాళ్లు, మళ్లీ ఊడ్చేవాళ్లు, రెండేండ్లకు పైగా ఇదే పని. అట్లా ఊడ్చడం భావ ప్రకటన హక్కును కాలరాయడమేనని 2020 జనవరిలో అక్కడి కోర్టే తీర్పు చెప్పింది. ప్రతి నెలా పదహారో తారీఖున అక్కడ జనం కూడేవాళ్లు. మా దుకాణానికి వచ్చే ఒక రిటైర్డ్ టీచరమ్మ పదహారున రెండు రొట్టెలు ఎక్కువ కొనేది, అక్కడ నిలబడే వాళ్లకని. ముసలాయన ఆ రెండింటికి డబ్బులు తీసుకునేవాడు కాదు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, ఓటు మాత్రం 2022లో కూడా ఎర్రపార్టీకే వేశాడు.

మన గురించి మనోళ్లు ఏమనుకుంటారో కూడా చూడు. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు నాది నల్గొండ అనగానే నా పండ్ల వంక చూసేవాళ్లు, ఫ్లోరైడ్ మరకలు ఉన్నాయేమోనని. రూంలో ఇంకోడిది నారాయణపేట దగ్గర, వాడిని అందరూ పాలమూరు లేబర్ అనే పిలిచేవాళ్లు. ఫ్లోరైడ్ అబద్ధమా? కాదు. వలస అబద్ధమా? కాదు. నువ్వు మాల్టా పేరు కొట్టి చూసినప్పుడు నీకు కనిపించినవి కూడా అట్లాంటివే.

అందరూ మా ముసలాయన లాంటోళ్లేనని మాత్రం అనుకోకు. నల్లగా ఉన్నవాడికి ఇల్లు ఇవ్వనివాళ్లున్నారు, నాకు ముఖం మీదే ఫోన్ పెట్టేసిన ఇంటి ఓనర్లు నలుగురు. 2019 ఏప్రిల్‌లో ఐవరీ కోస్ట్ నుంచి వచ్చిన ఒక కూలీని రాత్రిపూట రోడ్డు మీద కాల్చి చంపారు, నిందితులు ఇద్దరు సైనికులు. కరోనా మొదట్లో ఉద్యోగం పోయిన పరదేశీలను వెనక్కి పంపిస్తాం అని ఒక మంత్రి అన్నాడు, తర్వాత క్షమాపణ చెప్పాడు, కానీ ఆ రాత్రి మేము నిద్రపోలేదు. మర్నాడు నన్నా మనవరాలితో సంచి పంపింది, బియ్యం, పప్పు, ఉల్లిగడ్డలు. ఆ రెండూ ఒకే వారంలో జరిగాయి.

ఇక నీ పని సంగతి. ఏజెంటు మాట కాదు, కాంట్రాక్టు కాగితం చూడు. 2025లో కనీస వేతనం వారానికి 221 యూరోల చిల్లర ఉండేది, ఇప్పుడు ఎంతో చూసుకో, దానికంటే తక్కువ రాసి ఉంటే సంతకం పెట్టకు. ఎన్ని గంటలు, రూం కిరాయి ఎవరిది, జీతంలో కోతలేంటి, అన్నీ రాతలో ఉండాలి. పాస్‌పోర్టు ఎవరి చేతిలోనూ పెట్టకు, "సేఫ్‌గా ఉంచుతాం" అన్నా సరే. పర్మిట్ రూల్స్ మారుతుంటాయి, బయల్దేరేముందు ఆ దేశపు అధికారిక సైట్లో నువ్వే చదువుకో. నీళ్ల గురించి అమ్మకు చెప్పు, అక్కడ నదుల్లేవు, కుళాయిలో వచ్చేదాంట్లో సగానికి పైగా సముద్రపు నీళ్లను ఆర్‌ఓ చేసి వదిలేదే, కొంచెం రుచి తేడా, జనం తాగడానికి సీసాలు కొనుక్కుంటారు, మన వాటర్ ప్లాంటు క్యాన్ల లెక్కన.

సామాన్లలో నెయ్యి, కోవా పెట్టుకోకు, పాలతో చేసినవీ మాంసం పచ్చళ్లూ యూరప్‌లోకి రానియ్యరు, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు, అమ్మ చేతి కష్టం వేస్ట్. మామిడికాయ తొక్కు, కారప్పొడి పెట్టుకో. వీలైతే రెండు కిలోల జొన్నపిండి ఎక్కువ పట్టుకో, నీ డ్యూటీ ఏ ఊర్లోనో రాయి, నన్నా వాళ్ల అడ్రస్ నీకు విడిగా పంపిస్తాను. నన్నాకు తొంభై దాటాయి, ఒకసారి నేను ఆ పొయ్యి మీద చేసి పెట్టిన రొట్టె ఎందుకు పొంగలేదని ఇప్పటికీ ఫోన్లో అడుగుతోంది, పొంగదు నన్నా అంటే నమ్మడం లేదు.